చిలుక అచ్చు వేసిన డబ్బా

మా మనుమరాలికి ఈ మధ్య కాగితం డబ్బాల పిచ్చి పట్టుకుంది. ఫోనులో ఎవరివో చేతులు మాత్రమే కనిపించే వీడియోలు చూస్తుంది. ఆ చేతులు ఏం చేస్తే అదే చేస్తుంది. హైదరాబాద్ నుంచి ఓ పెద్ద పార్సిల్ తెప్పించుకుంది. దళసరి రంగు కాగితాలు, మడతలు తీరుగా రావడానికి గీతలున్న ప్లాస్టిక్ పలక, పువ్వుల బొమ్మలున్న రబ్బరు ముద్రలు, సిరా దిమ్మె, ఆ బొమ్మల్లో రంగులు నింపడానికి ఓ కట్టెడు పెన్నులు అన్నీ అందులోనే వచ్చాయి. స్నేహితురాలి పుట్టినరోజుకు చెవికమ్మలు పెట్టి ఇవ్వాలని చిన్న డబ్బా చేసింది. మూత పెట్టబోతే అది సగం దాకా దిగి మొరాయించింది. గట్టిగా నొక్కితే మూల చిరిగింది. "మూత అడుగుకన్న నూలుపోగంత పెద్దగ కొయ్యాలె బిడ్డా. కాయితానికి గూడ మందం ఉంటది గద" అన్నాను. అది నోరు తెరిచి నన్ను చూసింది. "నీకెట్ల తెల్సు నానమ్మా?" అంది.

ఎట్లా తెలుసో చెప్పాలంటే అండాలక్క పేరు చెప్పాలి. ఆ పేరు చెప్పకుండా కాగితం డబ్బాల సంగతి చెప్పడం నావల్ల కాదు, చెబుతున్నంతసేపూ లోపల కుళ్ళుకోకుండా ఉండడమూ నావల్ల కాదు. వయసు మీద పడితే మనసు మెత్తబడుతుందని అంటారు. నాకు మోకాళ్ళు అరిగాయి, పళ్ళు ఊడాయి, అసూయ మాత్రం చెక్కుచెదరలేదు. అందుకని ఆ పిల్లకు "గట్లనే తెల్సు తియ్" అని చెప్పి లోపలికి వచ్చేశాను. అప్పటి నుంచీ ఆ రోజులే కళ్ళముందు తిరుగుతున్నాయి.

మా పుట్టిల్లు గార్ల. నన్నిచ్చింది జనగామలో స్టేషన్ రోడ్డు మీద గాజుల దుకాణం ఉన్న ఇంటికి. దుకాణం ముందు, ఇల్లు వెనక. మధ్యలో ఒక పొడుగాటి వసారా. ఆ వసారాలో ఎప్పుడూ మూడు వాసనలు కలిసి ఉండేవి. బట్టీ మీద లక్క కరిగిన వాసన, మా అత్తమ్మ ముక్కుపొడి వాసన, మైదాపిండి ఉడికించిన జిగురు వాసన. జిగురుకు పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేసేవారు, దాంతో అది కొంచెం నీలంగా ఉండేది. అత్తమ్మ పొద్దున లేవగానే ముందు దుకాణం గడప కడిగి పసుపు రాసేది, తర్వాతే ఇంటి గడప. "దుకాణం గడప మనకు అన్నం పెడ్తది, ఇంటి గడప మనం తిన్న అన్నం చూస్తది, గంతె తేడ" అనేది. పెళ్ళిళ్ళకు గాజులు కొన్నవాళ్ళకు పసుపు, కుంకుమ, వక్కలు పెట్టిన చిన్న కాగితం డబ్బా ఒకటి ఊరికే ఇవ్వడం మా దుకాణం మర్యాద. పక్క దుకాణాల్లో గాజులు ఇంకా మంచివి దొరికినా, ఆ డబ్బా కోసం మా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆ డబ్బాలు చేసేది అండాలక్క, నా పెద్ద యారాలు. మా బావగారి భార్య.

నేను కాపురానికి వచ్చిన రోజున నా చేతిలో పెట్టిన తాంబూలం కూడా అటువంటి డబ్బాలోనే ఉంది. మూత మీద పచ్చని చిలుక, దాని ముక్కు మాత్రం మోదుగుపువ్వు రంగు. వచ్చిన ఆడవాళ్ళంతా కొత్త కోడల్ని చూడాల్సింది పోయి డబ్బాను చూశారు. చేతులు మారి మారి అది వసారా అంతా తిరిగి వచ్చింది. నా ముఖం చూసినవాళ్ళు "మంచిగున్నది పిల్ల" అని ఊరుకున్నారు. చిలుకను చూసినవాళ్ళు ఆహా, అబ్బో అన్నారు. అండాలక్క కొంగు దోపుకుని ఆ పొగడ్తలన్నీ తలాడిస్తూ తీసుకుంది. అణకువ అనేది ఆమెకు తెలియదు. ఎవరైనా ఒకసారి మెచ్చుకుంటే వినబడనట్టు "ఆఁ?" అనేది, రెండోసారి కూడా చెప్పించుకోవడానికి. నాకు ఆ రోజే ఒళ్ళు మండింది.

నిజం చెప్పాలంటే ఆమె పని చూడముచ్చటగా ఉండేది, అదే నా బాధ. పాత పెళ్ళిపత్రికలు, క్యాలెండర్ అట్టలు పోగేసేది. స్కేలు ముట్టుకునేది కాదు, దారంతో కొలిచేది. మడత పడాల్సిన చోట చెక్క దువ్వెన వీపుతో గట్టిగా ఒక్క గీత గీసేది, దాంతో అట్ట చెప్పినట్టు వంగేది. మూలల్లో కోసి, చూపుడువేలితో జిగురు పూసి, డబ్బాలన్నీ వరుసగా పీట కింద పెట్టి దానిమీద రుబ్బురోలు పొత్రం ఉంచేది. మూత మీది బొమ్మకు ఆమె దగ్గర కర్రతో చెక్కిన చిలుక అచ్చు ఒకటుంది. మొగుళ్లపల్లిలో వాళ్ళ మేనమామ దుప్పట్లకు అచ్చులు వేసేవాడు. పెళ్ళిలో అడిగి తెచ్చుకుంది. దీపం మసిని అవిసె నూనెలో నూరి, గుడ్డ మడతలకు పట్టించి, దానిమీద అచ్చు అద్ది, కాగితం మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు గుద్దేది. తిన్నగా పైకి లేపేది. అది బాగా ఆరాక రంగులు. రంగును తుమ్మబంక నానబెట్టిన నీళ్ళలో కలిపేది. ఈతపుల్ల కొస నమిలి కుంచె చేసుకునేది. ముందు లేత రంగు, దాని మీద ముదురు. పొట్ట దగ్గర సన్నని తెల్లటి జాగా వదిలేసేది, అందువల్ల చిలుక ఉబ్బుగా, కాగితం మీంచి లేచి వస్తున్నట్టుగా కనిపించేది. కన్నుకు రంగే లేదు. అక్కడ ఉత్త కాగితం, మధ్యలో అచ్చు వేసిన నల్ల చుక్క.

నన్ను మడతల దగ్గరే ఆపింది. కోయడం నేర్పింది, జిగురు రాయడం నేర్పింది. అచ్చు జోలికి మాత్రం రానిచ్చేది కాదు. "చెల్లె, గది ముట్టకు. అంచు పోతె మళ్ల దొర్కది" అనేది. నేను పదో తరగతి దాకా చదివి, బడిలో బొమ్మలకు బహుమతి తెచ్చుకున్నదాన్ని. పుట్టింట్లో నా చేతిని మెచ్చుకోనివాళ్ళు లేరు. ఇక్కడికి వచ్చి రోజంతా జిగురు వేళ్ళతో మూలలు అతికిస్తూ కూర్చున్నాను. అత్తమ్మ మా ఇద్దరి మధ్యనుంచి పోతూ "అండాలు చెయ్యి వడ్డదంటె కాయితం గూడ పలుకుతది" అనేది. నా వైపు తిరిగి "నువ్వు గూడ మంచిగనె అతికిస్తున్నవ్ తియ్" అనేది. ఆ రెండో మాట అనకపోయినా బాగుండేది.

అరవై తొమ్మిది ఉద్యమం మొదలైంది. కాలేజీలు మూతబడ్డాయి. వరంగల్‌లో డిగ్రీ చదువుతున్న మా ఆయన ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చాడు. పెళ్ళయ్యాక మేమిద్దరం వరుసగా ఒక ఇంట్లో ఉండడం అదే మొదలు. ఎంత సంబరపడ్డానో చెప్పలేను. పగలంతా ఊరేగింపులు, గోడల మీద రాతలు, జై తెలంగాణ అని అరిచి అరిచి సాయంత్రానికి గొంతు పోగొట్టుకుని వచ్చేవాడు. దుకాణాలన్నీ మూసే ఉన్నాయి. మా దుకాణం తలుపులు మూసుకుని వెనక వసారాలో డబ్బాల పని మాత్రం సాగుతుండేది, ఎందుకంటే బంద్ ఉన్నా పెళ్ళిళ్ళు ఆగలేదు. ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుని సరాసరి అండాలక్క ముందర చతికిలబడేవాడు. వదినామరుదుల సరసాలు మా వైపు మామూలే, తప్పు పట్టాల్సిందేమీ లేదు. నేనే పట్టాను.

"వదినా, గీ చిలుకకు గింత కొవ్వేంది? నీ తీర్గనె ఉన్నది" అనేవాడు.

"కొవ్వు లేకుంటె ఎగిరిపోతది మరిదీ, నీ లెక్క. ఇంట్ల నిలుస్తలేవు గద" అనేది ఆమె.

ఇద్దరూ నవ్వేవాళ్ళు. నేను పక్కనే కూర్చుని అట్టలు మడుస్తుండేదాన్ని. ఆయన నా చేతిలో ఉన్న డబ్బావంక ఒక్కసారి చూస్తే చాలనుకునేదాన్ని. చూస్తే ఏముంది అక్కడ, నాలుగు గోడలు, ఒక అడుగు. చిలుక ఆమె దగ్గరుంది. రాత్రి అన్నం వడ్డించేటప్పుడు ఆయనకు కావాలనే పచ్చిపులుసులో ఉప్పు తక్కువ వేసిన రోజులున్నాయి. ఆయన అది కూడా గమనించలేదు.

ఒక రోజు మధ్యాహ్నం మా వీధి పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చి, స్టేషన్ దగ్గర పోలీసులు విద్యార్థులను వ్యాన్‌లో ఎక్కించుకుపోయారని, అందులో మా ఆయన కూడా ఉన్నాడని చెప్పారు. అత్తమ్మ ముక్కుపొడి డబ్బా చేతిలోంచి జారవిడిచి గోడకు చేరగిలబడింది. ఆ రోజుల్లో ఎక్కడో ఒకచోట కాల్పులు జరిగాయన్న వార్త రోజూ వచ్చేది, అందువల్ల జైలుకు పోయాడంటే ప్రాణంతో ఉన్నాడని కొంచెం ఊరట కూడా. కొన్నాళ్ళకు వరంగల్ జైలులో ఉన్నాడని, ఇంట్లోవాళ్ళు వెళ్ళి చూడొచ్చని కబురు వచ్చింది. ఆడవాళ్ళను పంపే పద్ధతి లేదు, బావగారే వెళ్ళాలి. అత్తమ్మ నువ్వుల ముద్దలు చేసింది. రేకు డబ్బాలు గేటు దగ్గరే ఆపేస్తున్నారని విని, అండాలక్క కాగితం డబ్బాలో మోదుగాకు పరిచి ముద్దలు పెట్టి పంపింది. మూత మీద ఆమె పచ్చ చిలుక.

మొదటిసారి అట్లా పోయింది. బావగారు తిరిగి వచ్చి ఆయన బాగానే ఉన్నాడని, గడ్డం పెంచాడని, డబ్బా చూసి నవ్వాడని చెప్పారు. నాకు ఏడుపు వచ్చింది, బాగున్నాడన్నందుకు కాదు. నా మొగుడు జైల్లో కూర్చుని చేతిలో పట్టుకున్నది ఆమె చిలుకను. నేను ఆయనకు ఒక మాట చెప్పి పంపడానికి లేదు. బావగారితో ఏం చెప్పమంటాను? చీటీ రాసిస్తే గేటు దగ్గర పదిమంది చదువుతారు. నాది అంటూ ఆయన దగ్గరికి చేరేది ఏదైనా ఉందంటే ఆ డబ్బా ఒక్కటే. అది కూడా ఆమె ఆక్రమించుకుంది. రెండోసారి పంపేరోజు దగ్గరపడుతుంటే తెగించి అడిగేశాను.

"అక్కా, ఈసారి డబ్బా నేను చేస్త. అచ్చు గూడ నేనె ఏస్త."

ఆమె నన్ను కిందినుంచి మీది దాకా చూసింది. "చెయ్యి. నీ మొగనికి నువ్వు చేసుకుంటె నాకేం పోతది? నాకు పనె తగ్గుతది" అని అచ్చు నా ముందర పెట్టింది. తర్వాత బంక నీళ్ళ గిన్నె జరిపింది. "రంగు దీంట్ల కలుపు" అంది.

"నాకు తెల్సు" అన్నాను. "గార్లల ప్రతి బతుకమ్మకు గునుగు పూలకు రంగు అద్దేది నేనె."

గునుగు పూలు తెల్లగా, వెండి కుచ్చుల్లా ఉంటాయి. బతుకమ్మ పేర్చడానికి వాటిని కట్టలు కట్టి రంగు నీళ్ళలో ముంచుతాం. ఉత్త నీళ్ళే, బంకా గింకా ఏమీ ఉండదు. క్షణంలో పట్టుకుంటుంది, ఆరితే పోదు. మా ఊళ్ళో నేను అద్దిన గునుగు ఎరుపును చూసి వాడకట్టంతా అడిగేవాళ్ళు. పోయిన పండుగకు మిగిలిన ఆ ఎర్ర రంగు పొట్లం నా ట్రంకుపెట్టెలోనే ఉంది. బంక గిన్నెను ఆమె వైపుకు నెట్టేశాను. చిలుక పచ్చగానే ఎందుకుండాలి అనుకుని రెక్కలు, తోక, తల అంతా ఎరుపు నింపాను. ఎర్ర చిలుకను చూస్తే ఇది వదినది కాదని ఆయనకు వెంటనే తెలియాలని. కన్ను మాత్రం ఆమెలాగే తెల్లగా వదిలాను. అచ్చు కొంచెం పక్కకు జరిగి ముక్కు దగ్గర రెండు గీతలు పడ్డాయి, అది రంగుతో కప్పేశాను. మూత కూడా బాగానే దిగింది. ముద్దలు పైదాకా నింపి దేవుడి గూటి పక్కన పెట్టాను. రంగు నిగనిగలాడుతోంది. అండాలక్క చూసి ఏమీ అనలేదు. ఆమె ఏమీ అనలేదంటే బాగుందనే నా లెక్క. ఆ రాత్రి పెళ్ళిరోజున కూడా పడనంత సంతోషపడి పడుకున్నాను. పొద్దున నేను బావి దగ్గర నీళ్ళు చేదుతుండగానే బావగారు సంచి పట్టుకుని బండికి వెళ్ళిపోయారు.

ఎండాకాలం చివర్లో వాళ్ళను వదిలేశారు. స్టేషన్ నుంచి డప్పులతో, గులాలుతో ఊరేగించి తెచ్చారు. వసారా నిండా జనం. ఆయన మెడలో దండలు తీసి అత్తమ్మ కాళ్ళ దగ్గర పెట్టాడు. గుమ్మం వెనక నిలబడి ఆయన నన్ను ఎప్పుడు చూస్తాడా అని చూస్తున్నాను. ఆయన అటూ ఇటూ చూసి అండాలక్కను పట్టుకున్నాడు.

"వదినా, నువ్వు రెండోపారి పంపిన డబ్బ ఉన్నది సూడు, ఎర్ర చిలుక! మా బ్యారక్ల అందరు సూసిండ్రు. ముద్దలు అయిపోయినా డబ్బ ఎవ్వలకు ఇయ్యలె నేను. పండుకునేటప్పుడు తలాపున పెట్టుకున్న. ఆ కన్ను సూస్తె ఇంట్ల ఉన్నట్టె ఉండె."

ఎర్ర చిలుక! నాది! అండాలక్క వైపు చూశాను. ఆమె నోరు తెరిస్తే చాలు. నీ పెండ్లాం సరోజన చేసింది మరిదీ అంటే చాలు. ఆమె నా వంక ఒక్కసారి చూసి, "చాయ్ మరుగుతున్నది" అని లోపలికి వెళ్ళిపోయింది. ఎప్పుడూ పొగడ్తను రెండుసార్లు చెప్పించుకునే మనిషి ఆ రోజు మౌనంగా నా పొగడ్తను కొంగున కట్టుకుని పోయింది. అట్లా అనుకున్నాను. యాభై ఏళ్ళకు పైగా అట్లాగే అనుకున్నాను.

రాత్రి ఆయనకు చెప్పాను. "ఎర్ర చిలుక నేను చేసిన" అన్నాను. ఆయన నవ్వాడు. కోపంతో నవ్వలేదు, ముద్దుగానే నవ్వాడు, అదే ఇంకా మంట. "నువ్వా? ఊకో సరోజనా. వదిన చెయ్యి నాకు తెల్వదా? ఆ పొట్టకాడ తెలుపు, ఆ మూత దిగుడు... నువ్వు చేస్తె తెల్వదా నాకు? కుళ్ళు పెట్టుకోకు" అన్నాడు. ఒట్టు పెట్టాను. అప్పుడూ నవ్వాడు. నా కాపురమంతా అది ఆయనకు ఒక వేళాకోళమైపోయింది. ఏదైనా తీరుగా చేసిన వస్తువు కనిపిస్తే చాలు, "మా వదిన ఎర్ర చిలుక చేసింది, మా పెండ్లాం అది తనదన్నది" అని చుట్టాల ముందర చెప్పేవాడు. పుండు మీద కారం చల్లినట్టుండేది. యారాలితో మాటలు తగ్గిపోయాయి. వేరుపడ్డాం. తర్వాత ఆమె కొడుక్కి భూపాలపల్లి బొగ్గుగనుల్లో ఉద్యోగమొచ్చి వాళ్ళు అటు వెళ్ళిపోయారు. పండుగలకు, పెళ్ళిళ్ళకు కలిస్తే పలకరించుకునేవాళ్ళం. అచ్చు ఆమె వెంటే పోయింది.

రెండోసారి ఉద్యమం వచ్చి రాష్ట్రం వచ్చింది. జనగామలో పాతవాళ్ళను పిలిచి శాలువాలు కప్పారు. మా ఆయనను మాట్లాడమన్నారు. ఆయన జైలు గురించి మాట్లాడతాడనుకున్నాను. మాట్లాడాడు. జైలు గురించి, ఎర్ర చిలుక గురించి, మా వదిన అండాలు గురించి. మైకులో! ముందు వరుసలో కూర్చుని ఆ మాట విన్నాను. ఎంతోమంది ప్రాణాలు ఇచ్చి తెచ్చుకున్న రోజది, సంతోషించాల్సిన రోజు. నేను మాత్రం అక్కడ కూర్చుని ఒక కాగితం డబ్బా కోసం కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. చెప్పుకుంటే నవ్వుతారు కాని, నాకు అప్పుడు అదే పెద్దదనిపించింది.

పోయిన ఏడు ఆయన జబ్బుపడ్డాడు. దవాఖానలో ఆఖరు రోజుల్లో ఎక్కువగా పాత సంగతులే మాట్లాడేవాడు. ఒక సాయంత్రం నేను ఆయన కాళ్ళకు నూనె రాస్తుంటే ఉన్నట్టుండి అన్నాడు. "సరోజనా, ఆ ఎర్ర చిలుక నువ్వే చేసినవేమో. ఇన్నేండ్ల సంది ఒక్కతీర్గ చెప్తున్నవంటె అబద్ధం కాదు. నేనె ఊకె మొండికేసిన." నేను నూనె గిన్నె పక్కన పెట్టి ఆయన పాదాలు పట్టుకుని ఏడ్చాను. ఆయన పోతున్నాడని ఏడుస్తున్నానని పక్క మంచం వాళ్ళు ఓదార్చారు. నేను గెలిచానని ఏడుస్తున్నాను. కొద్ది రోజులకే ఆయన పోయాడు.

అండాలక్క కర్మలకు రాలేకపోయింది. కాళ్ళు పడిపోయాయట. పలకరింపుకు నేనే భూపాలపల్లి వెళ్ళాను. పలకరింపుకని అందరికీ చెప్పాను కాని, ఆ మాట ఆమె ముఖాన చెప్పాలని వెళ్ళాను. నీ మరిది ఒప్పుకునే పోయాడు, నాదేనన్నాడు అని. దారంతా బస్సులో అదే మాట ఎట్లా అనాలో మనసులో తిప్పి తిప్పి చూసుకున్నాను. క్వార్టర్స్‌లో వాళ్ళది కింది ఇల్లు. ఆమె వరండాలో మంచం మీద చిక్కి సగమైపోయి ఉంది. నన్ను చూసి చేతులు చాచి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏడుపు తగ్గాక, ఇక మొదలుపెడదామని "అక్కా, జైలుకు పంపిన ఎర్ర చిలుక డబ్బ యాదికున్నదా?" అన్నాను.

ఆమె కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "యాదికి లేకేంది? ఇన్నొద్దులు కడుపుల దాసుకున్న. ఇగ అత్తమ్మ లేదు, మరిది లేడు. ఇప్పుడు చెప్తె ఎవ్వలేమంటరు? ఆ పొద్దున నువ్వు బావికాడికి పోయినవా? సంచిల పెడ్దామని నేను డబ్బ తీసిన. తీస్తె నా చేతులన్ని ఎర్రగైనయ్. బంక లేకపాయె గద! ముద్దల నూనె అట్టకు ఎక్కింది, రంగంత లోపటికి దిగింది. మూత తీసి సూస్తె ముద్దలన్ని నెత్తుర్ల ముంచినట్టె ఉన్నయ్."

నేను స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నాను.

"అత్తమ్మ చూస్తె ఎట్లుంటుండె చెప్పు? కొడుకు జైల్ల, బయట తుపాకులు పేలవట్టె. కొత్త కోడలు నెత్తురు ముద్దలు పంపుతున్నదని నిన్ను ఇంట్ల ఉండనిస్తుండెనా? ముద్దలు తీస్కపోయి బర్రె కుడితిల కలిపిన. డబ్బ పొయ్యిల ఏసిన. ముద్దలు ఇంకిన్ని కుండల ఉండె, నా డబ్బ ఒకటి అచ్చేసి ఉండె. గబగబ బంకల ఎరుపు కలిపి నీ లెక్కనె ఎర్రగ నింపిన. నీ తీర్గ ఉండాలని ముక్కుకాడ రెండు గీతలు గూడ ఏద్దామనుకున్న. ఏస్తె గవ్వి గూడ సక్కగనె వచ్చినయ్. నీ వంకర నా చేతికి రాకపాయె చెల్లె!" అని పళ్ళు లేని నోటితో పగలబడి నవ్వింది. "మరిది వచ్చి అందర్ల మెచ్చుకుంటె నాకేం జెయ్యాల్నో తోచలె. నాదంటె నీ పరువు పోతది. నీదంటె... నాకు నోరు రాలె. అబద్ధమని కాదు. గంత మంచిగ చేసిన, నీదని ఎట్ల అంట?"

ఆమె ఇంకా ఏదో చెబుతోంది. నేను ఆమె చేతుల వైపు చూస్తున్నాను. వణుకుతున్నాయి, మచ్చలు పడ్డాయి. ఆయన ఆ చెయ్యిని గుర్తుపట్టాడు. రంగు మార్చినా, నా డబ్బాకు మారుగా పంపినా, జైలు చీకట్లో కూడా గుర్తుపట్టాడు. నేను యాభై ఏళ్ళు ఒట్లు పెట్టి, ఏడ్చి, అలిగి, ఆయన కళ్ళు గుర్తుపట్టిందాన్ని కాదని చెప్పి చెప్పి, చివరికి చావు మంచం మీద ఆయన చేత తప్పు ఒప్పించాను. ఆమె నా పరువు కాపాడిందని కృతజ్ఞత రావాలి. రాలేదు. ఇంతకుముందు ఒక్క డబ్బా అయినా నాది అని ఉండేది, ఇప్పుడు అది కూడా ఆమెదే అయిపోయింది. అంతకుముందెన్నడూ లేనంత అసూయ ఆ మంచం పక్కన, స్టూలు మీద కూర్చున్నప్పుడు కలిగింది.

అండాలక్క నవ్వు ఆపి, నా మోచేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. చెవి సరిగా వినబడదు కాబట్టి గట్టిగానే అడిగింది. "సరోజనా, మరిది ఆఖర్ల గా డబ్బ సంగతి ఎత్తిండా? నాదనె అన్నడా?"

ఆ ముఖంలో పాత ఆశే ఉంది. వసారాలో కొంగు దోపుకుని పొగడ్త కోసం ఎదురుచూసిన ముఖమే. ఒక మాటతో దాన్ని ఆర్పేయగలను. దానికోసమే అంత దూరం వచ్చాను.

"నీదె అన్నడక్కా" అన్నాను. "ఆఖరి దాక నీదె అన్నడు."

"ఆఁ?" అంది.

ఆమెకు వినబడిందని నాకు తెలుసు. అయినా మళ్ళీ చెప్పాను. ఆమె కళ్ళు మూసుకుని, దిండు మీద తల ఆనించింది. ఆ సంతోషం ఇచ్చింది నేనే అయినా చూసి ఓర్వలేకపోయాను. కోడలు చాయ్ తెస్తే సగం తాగి, బస్సు టైమైందని లేచాను.

దవాఖానలో ఆయన నాతో అన్నమాట ఆమెకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ మాట తప్పని నాకు తెలుసు, ఇప్పుడు మీకూ తెలుసు. తప్పయినా సరే, అది ఆయన నన్ను నమ్మి అన్నమాట. అందులో అండాలక్కకు వాటా లేదు.